లైన్లో నిలబడ్డవాళ్ల సినిమా

పోయిన నెలలో మా కాక మోకాళ్ల నొప్పి చూపించుకోవడానికి మెట్‌పల్లి దిక్కు నుంచి హన్మకొండ వచ్చి మా ఇంట్లో రెండు రోజులున్నాడు. మొదటి రోజు రాత్రి అన్నాలు తిన్నాక మా పిల్లవాడు టీవీలో 'డన్‌కర్క్' పెట్టాడు. రెండో ప్రపంచ యుద్ధంలో, 1940లో, ఫ్రాన్స్‌లోని డన్‌కర్క్ రేవు దగ్గర జర్మన్ల మధ్య చిక్కుకున్న ఇంగ్లిష్, ఫ్రెంచి సైనికులను ఓడల్లో ఇంగ్లండ్‌కు తరలించిన కథ అది. కాకకు ఇంగ్లిష్ రాదు, కాసేపు చూసి పడుకుంటాడులే అనుకున్నాను. సినిమా మొదలైన కొద్దిసేపటికే ఒక చోట ఇద్దరు కుర్ర సైనికులకు ఇసుకలో స్ట్రెచర్ కనిపిస్తుంది. దాని మీద గాయపడ్డ మనిషి. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. ఒక్క మాట ఉండదు. చెరో వైపు ఎత్తుకుని పరుగు మొదలుపెడతారు. గాయపడ్డవాళ్లను ముందు ఎక్కిస్తున్నారు కాబట్టి, స్ట్రెచర్ మోసేవాళ్లు వేలమంది నిలబడ్డ లైనును దాటుకుని ఓడ దాకా పోవచ్చు.

కాక కుర్చీలో ముందుకు వంగాడు. "మేం కంబల్ల మోసినం" అన్నాడు.

నేను రిమోట్ తీసుకుని సినిమా ఆపాను. ముప్పై ఏళ్లకు పైగా మా ఇంట్లో ఆ సంగతి ఒక్క వాక్యంలోనే అయిపోయేది. యుద్ధమొచ్చింది, వాపస్ వచ్చిండు. అంతకు మించి కాక చెప్పలేదు, మేమూ అడగలేదు. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చినప్పుడు ఆయన అక్కడ మేస్త్రీ దగ్గర మాల్ కలిపే పనిలో ఉన్నాడు. బొంబాయి, దుబాయి, బొగ్గుబాయి అని మన దిక్కు ఊరికే అనరు. ఆయన వయసు మగవాళ్లలో సగం మంది ఆ మూడింటిలో ఏదో ఒకదానికి పోయినవాళ్లే. కాక రెండో దానికి, అంటే గల్ఫ్‌కు పోయాడు.

"ఆపకు, పెట్టు" అన్నాడు. పెట్టాను. సినిమా అయిపోయేదాకా ఆయన లేవలేదు.

2017లో నేను అన్న మాట

ఈ సినిమా 2017 జులైలో వచ్చినప్పుడు హన్మకొండలోనే చూశాను, ఇద్దరు దోస్తులతో. బయటికి వచ్చి చౌరస్తాలో చాయ్ తాగుతూ గంటసేపు కొట్లాడుకున్నాం. నా వాదన ఒకటే. ఇందులో మనిషి ఎక్కడ? ఆ కుర్రవాడి ఊరు తెలియదు, తల్లి తెలియదు, వాడు దేనికోసం బతకాలనుకుంటున్నాడో తెలియదు. కొంతమందికి పేర్లు కూడా సరిగ్గా వినిపించవు. పేరు తెలియనివాడు చస్తే నాకెందుకు ఏడుపు రావాలి? శబ్దం బాగుంది, కెమెరా బాగుంది, గుండె లేదు అన్నాను. నా దోస్తు ఒకడు ఒప్పుకోలేదు కానీ ఎందుకు ఒప్పుకోవడం లేదో సరిగ్గా చెప్పలేకపోయాడు. దాంతో నేనే గెలిచాననుకుని ఇంటికి వచ్చాను.

ఇప్పుడు ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

మనకు అలవాటైన యుద్ధ సినిమాలో సైనికుడు జేబులోంచి ఫొటో తీస్తాడు. ఇంటి దగ్గర భార్య కడుపుతో ఉంటుంది, లేదా చెల్లెలి పెళ్లి కుదిరి ఉంటుంది. ఆ తర్వాతి సీన్‌లో ఏం జరుగుతుందో మనకు ముందే తెలుసు. ఆ పద్ధతి తప్పనడం లేదు, నేనూ వాటికి ఏడ్చినవాడినే. కానీ అది పోరాటం కథకు సరిపోయే పద్ధతి. ఒకడు ఎందుకు పోరాడుతున్నాడో తెలియాలంటే వాడి వెనక ఏముందో చూపించాలి. తరలింపు వేరే రకం సంగతి. అక్కడ మనిషి చేయగలిగిన పని ఒక్కటే, లైన్లో నిలబడడం. వెనక ఏముందన్న దాన్ని బట్టి ఎవరికీ ఓడలో చోటు దొరకదు.

కాక ఆ రాత్రి చెప్పింది వింటే ఇది నాకు బాగా ఎక్కింది. కువైట్ నుంచి బస్రా, అక్కడి నుంచి బాగ్దాద్, అక్కడి నుంచి జోర్డాన్ సరిహద్దు. ఇరాక్ చౌకీ దాటాక జోర్డాన్ చౌకీ ఇంకా రాకముందు, మధ్యలో ఎవరిదీ కాని ఎడారిలో డేరాలు వేసి ఆపేశారు. పగలు కొలిమి, రాత్రి చలి. చేతిలో ఉన్న కువైట్ దీనార్లకు ఒక రొట్టె కూడా రాలేదట. రోజుకు ఒకటో రెండో నీళ్ల ట్యాంకర్లు వచ్చేవి. ట్యాంకర్ దుమ్ము కనబడగానే ఎవరూ చెప్పకుండానే లైను కట్టేవాళ్లు.

"ముచ్చట్లు పెట్టుకునేటోల్లా?" అని అడిగాను.

"ఏం ముచ్చట్లురా. నోరు తెరిస్తే ఎండిపోతది. నీల్లొచ్చినయా, బస్సొచ్చిందా, నీ నంబరెంత. ఈ మూడే మాటలు. పక్కల పండుకున్నోని ఊరు ఏందో పది దినాల దాంక అడుగలే."

సినిమాలో కుర్రవాళ్లు మాట్లాడుకోరని నేను తప్పు పట్టాను. ఆయనకు వాళ్లు మాట్లాడుకోకపోవడమే నిజమనిపించింది. మొదటి నిమిషాల్లో ఆ కుర్రవాడు ఒక ఇంటి ముందు తోట పైపులో మిగిలిన చుక్కలు నోట్లో పోసుకుంటాడు. నేను 2017లో ఆ సీన్ చూశానా అంటే చూశాను, గుర్తు మాత్రం లేదు. కాక మాత్రం అక్కడే "నీల్లు లేవు వీల్లకు" అన్నాడు. సినిమా మొత్తానికి అదే ఆయన మొదటి మాట.

మూడు కాలాలు కలిపి అల్లిన కథ అని అప్పట్లో అందరూ తికమక పడ్డారు. రేవు గట్టు మీద వారం, సముద్రం మీద ఒక రోజు, ఆకాశంలో ఒక గంట. మధ్యలో ఆపి కాకకు వివరించబోయాను. ఆయన చెయ్యి ఊపాడు. "సమజైతాంది. లైన్ల ఉన్నోనికి దినం గడువది. మీద విమానంల ఉన్నోనికి పెట్రోలు ఎంతుంటే గంతే టైము." ఆ విమానం నడిపే అతని పెట్రోలు మీటరు పగిలిపోతే సుద్దముక్కతో లెక్క రాసుకుంటూ ఉంటాడు. కాక చూసింది ఆ సుద్దముక్కనే.

ఒక్కడు కాపాడిన కథలు

ఆ 1990 తరలింపు చిన్నదేం కాదు. జోర్డాన్ రాజధాని అమ్మాన్ నుంచి 59 రోజుల్లో ఎయిర్ ఇండియా 488 విమానాలు నడిపి లక్షకు పైగా మనవాళ్లను తెచ్చింది. పౌర విమానాలతో అంతమందిని తెచ్చిన మరో సందర్భం చెప్పమంటే చెప్పడం కష్టం. దీని మీద 2016లో ఒక హిందీ సినిమా వచ్చింది. అందులో ఒక పెద్ద వ్యాపారస్తుడు హీరో. ఆయన మనసు మారడం, ఆయన అందరినీ ఒడ్డుకు చేర్చడం కథ. నిజంగా కూడా అక్కడి భారతీయ వ్యాపారస్తులు కొందరు చాలా చేశారు, అది కాదనకూడదు.

కాక ఆ సినిమా మెట్‌పల్లిలో ఎవరి ఫోన్లోనో చూశాడట. "మంచిగనే ఉన్నది. మా దిక్కు గసొంటాయన ఎవలు రాలే" అన్నాడు. కోపంతో అనలేదు. జరిగిన సంగతి చెప్పాడు.

ఇక్కడే నాకు ఒక అభిప్రాయం గట్టిపడింది. తరలింపు కథలో హీరోను పెట్టగానే లైను మాయమైపోతుంది. వేలమంది వెనక తెర మీది బొమ్మలవుతారు, ఒక మనిషి దయ వాళ్ల బతుకవుతుంది. డన్‌కర్క్ సినిమా ఆ పని చేయలేదు. పడవ నడిపే పెద్దాయన ఉన్నాడు, పైలట్ ఉన్నాడు, గట్టు మీద కమాండర్ ఉన్నాడు. ముగ్గురూ మంచివాళ్లే. కానీ ముగ్గురిలో ఎవ్వరూ ఆ 3,38,226 మందిని కాపాడలేదని సినిమాకు తెలుసు. రెండు రోజుల్లో 45 వేలమంది దక్కితే చాలనుకుని మొదలుపెట్టిన పని, 1940 మే 26 నుంచి జూన్ 4 దాకా సాగి అక్కడికి చేరింది. చిన్న పడవల కథ గొప్పగా చెప్పుకుంటారు, చెప్పుకోవాలి కూడా. కానీ లెక్క చూస్తే 2 లక్షల 39 వేలమంది ఓడరేవు నుంచే ఎక్కారు. ఎక్కువమందికి దారి, ముగ్గురు నలుగురు పక్కపక్కన నడిచేంత వెడల్పున్న ఆ పొడుగాటి గట్టు. ఓడలు ఆనుకోవడానికి కట్టింది కూడా కాదది, అలలను ఆపడానికి కట్టింది. దాని మీద నిలబడ్డ లైనే అసలు కథ.

గుంపే హీరో అయినప్పుడు

ఇంతవరకు వచ్చాక ఒక అడ్డం తగులుతోంది, దాన్ని దాటిపోవడం నాకు ఇష్టం లేదు.

పేర్లు వద్దు, గుంపే హీరో అన్నాం. మరి గుంపులో ఎవరున్నారు అన్న ప్రశ్న హీరో ఎవరు అన్న ప్రశ్నతో సమానమవుతుంది. ఈ సినిమాలో ఆ ఇసుక మీద ఉన్నవాళ్లంతా దాదాపు ఒకే రకం ముఖాలు. సినిమా వచ్చినప్పుడే మన దేశంలో చాలామంది అడిగారు, మన కంచరగాడిదల దళాలు ఏమయ్యాయి అని. ట్రక్కులు బురదలో కూరుకుపోయే చోట సామాన్లు మోయడానికి భారత సైన్యం నుంచి నాలుగు దళాలను పంపించారు. 1939 డిసెంబరులో ఫ్రాన్స్‌లోని మార్సెయ్ రేవులో దిగారు. పంజాబీ ముస్లింలు ఎక్కువ. ఒక దళం మొత్తం జర్మన్లకు చిక్కింది. బతికి ఇంగ్లండ్ చేరినవాళ్లు జంతువులను ఫ్రాన్స్‌లోనే వదిలేసి రావాల్సి వచ్చింది. నెలల తరబడి కడిగి, మేపి, పక్కన పడుకున్న జంతువును వదిలేసి ఓడ ఎక్కడం ఎట్లుంటుందో పశువులున్న ఇంట్లో పెరిగినవాళ్లకు చెప్పనక్కరలేదు.

మన నిజాం రాష్ట్రానికీ అందులో ఒక పోగు ఉంది. బ్రిటిష్ వైమానిక దళంలో 253వ స్క్వాడ్రన్ పేరులో హైదరాబాద్ స్టేట్ అని ఉంటుంది. 1940 మేలో అది ఫ్రాన్స్ ఆకాశంలో పోరాడి చాలామందిని పోగొట్టుకుంది. ఇంకో దళం 152కు గుర్తే నిజాం తలపాగా. ఆ పేర్లు నిజాం ఇచ్చిన విరాళాల వల్ల వచ్చినవి. నిజాం ఖజానా ఎక్కడి నుంచి నిండిందో వరంగల్ సుబా పల్లెల్లో శిస్తు కట్టిన కుటుంబాలకు తెలుసు. విమానం మీద పేరు పడింది, శిస్తు కట్టినవాడి పేరు ఎక్కడా లేదు.

దీనికి ఎదురు వాదన కూడా న్యాయమైనదే. మూడు లక్షల ముప్పై ఎనిమిది వేలలో మనవాళ్లు కొన్ని వందలమంది. ఎక్కడ కెమెరా పెట్టినా కనిపించేంత సంఖ్య కాదు. 106 నిమిషాల సినిమాలో ప్రతి ఒక్కరినీ చూపించమనడం కుదరదు. నేనిది ఒప్పుకుంటాను. అందుకే నన్ను మనవాళ్ల సంగతి కంటే ఫ్రెంచివాళ్ల సంగతే ఎక్కువ బాధించింది. తరలించినవాళ్లలో లక్షా ఇరవై మూడు వేలమంది వాళ్లు, అంటే ముగ్గురిలో ఒకరికి పైగా. తెర మీద ఆ పాళ్లు లేవు. పైగా ఇసుక మీద ఇంగ్లిష్‌వాళ్లు లైను కట్టగలగడానికి కారణం ఎక్కడో ఎవరో అడ్డం నిలబడడం. లిల్ నగరంలో ఫ్రెంచి దళాలు, వాటిలో ఉత్తర ఆఫ్రికా నుంచి తెచ్చిన మొరాకో, అల్జీరియా సైనికులు, మే చివరి రోజుల్లో ఏడు జర్మన్ డివిజన్లను పట్టి ఉంచారు. చివరికి సుమారు 35 వేలమంది లొంగిపోయారు. వాళ్లు ఆ రోజులు ఆపకపోతే ఇసుక మీద లైను ఎంతసేపు ఉండేది? జూన్ 4న రేవు పట్టుబడినప్పుడు కూడా ఆఖరి దాకా కాపలా ఉన్న ఫ్రెంచివాళ్లు వేలల్లో అక్కడే మిగిలిపోయారు.

దర్శకుడికి ఇది తెలియదని అనలేను. ఎందుకంటే ఆ మాట్లాడని కుర్రవాడిని పెట్టింది ఆయనే. స్ట్రెచర్ మోసిన ఇద్దరిలో రెండోవాడు. మొదటిసారి కనిపించినప్పుడు ఇసుకలో ఒక శవాన్ని పూడ్చిపెడుతుంటాడు. చచ్చిపోయిన ఇంగ్లిష్ సైనికుడి బట్టలు తొడుక్కున్న ఫ్రెంచి కుర్రవాడని మనకు చాలాసేపటికి తెలుస్తుంది. నోరు విప్పితే లైన్లోంచి తోసేస్తారని వాడి మౌనం. మునిగిపోతున్న ఓడ తలుపు తెరిచి మిగతావాళ్లను బతికించింది వాడే. తర్వాత చిల్లులు పడ్డ పడవలో బరువు తగ్గించాలంటే ఒకడు దిగాలన్నప్పుడు అందరి వేళ్లూ వాడి మీదికే వెళ్తాయి. ఒక్క కుర్రవాడు తప్ప ఎవరూ వాడి పక్కన నిలబడరు.

ఈ సీన్ రాగానే నాకు 2022 గుర్తొచ్చింది. మాకు తెలిసిన కాజీపేట కుటుంబంలో అమ్మాయి ఉక్రెయిన్‌లో మెడిసిన్ చదువుతుండేది. ఫిబ్రవరి ఆఖరున పోలండ్ సరిహద్దులో మంచులో రెండు రాత్రులు నిలబడింది. లైన్లు రెండుగా చీల్చారని, వాళ్లవాళ్లను ముందు పంపి మనవాళ్లను పక్కకు నిలబెట్టారని ఫోన్లో ఏడ్చింది. వాళ్ల నాన్న ఆ రాత్రి మా ఇంటికి వచ్చి ఊరికే కూర్చున్నాడు, మాట్లాడలేదు. చివరికి మన ప్రభుత్వం నడిపిన 90 విమానాల్లో ఒకదాంట్లో ఆ అమ్మాయి వచ్చింది. యుద్ధం వాళ్ల దేశం మీదికి వచ్చింది, తమవాళ్ల తల్లులనూ పిల్లలనూ ముందు పంపుకోవడం సహజం కాదా అని ఆమే తర్వాత నాతో అంది. ఇరవై ఏళ్ల పిల్ల. నాకు అంత పెద్ద మనసు లేదు. లైనును మనిషి దేశాన్ని బట్టి చీల్చడం ఎవరు చేసినా నాకు మింగుడుపడదు. అదే సమయంలో, ఓడలు ఎవరివో వాళ్లే ముందు ఎక్కడం డన్‌కర్క్‌లోనూ జరిగిందని చరిత్ర చూస్తే తెలుస్తుంది. మే 31న చర్చిల్ పారిస్ వెళ్లి, ఇక నుంచి ఇంగ్లిష్‌వాళ్లూ ఫ్రెంచివాళ్లూ సమానంగా ఎక్కుతారని మాట ఇవ్వాల్సి వచ్చిందంటే, అప్పటిదాకా ఎట్లా సాగిందో అర్థమవుతుంది.

కాబట్టి నా మాట ఇట్లా సవరించుకుంటున్నాను. పేర్లు లేకుండా తీయడం సరైన పద్ధతే. కానీ ఆ పద్ధతి ఎంచుకున్నవాడు గుంపును ఇంకా వెడల్పుగా తీయాలి. ఇసుక మీద యజమాని లేకుండా తిరుగుతున్న ఒక్క కంచరగాడిద, లిల్ దిక్కు నుంచి వినిపించే ఫిరంగి చప్పుడు వైపు తల తిప్పిన ఒక్క మొరాకో సైనికుడు. మాట అక్కరలేదు, ఆ సినిమాలో ఎవరికీ లేవు కదా.

రైలు దిగేటప్పుడు

సినిమా ఆఖర్లో రైలు ఇంగ్లండ్‌లో ఒక స్టేషన్‌లో ఆగుతుంది. బతికివచ్చిన కుర్రవాడు కిటికీలోంచి బయటికి చూడడు. ఓడిపోయి వచ్చాం, జనం ముఖాన ఉమ్మేస్తారు అని భయం. అంతకుముందు రేవులో ఒక ముసలాయన కంబళ్లు పంచుతూ బాగా చేశారు అంటాడు. మేం చేసిందల్లా బతకడమే అంటే, అది చాలు అంటాడు. ఆయన తన వైపు చూడకపోవడం కుర్రవాడికి అవమానంగా తోస్తుంది. ముసలాయనకు చూపు లేదని మనకు తెలుస్తుంది, వాడికి తెలియదు.

ఇక్కడ కాక చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత చెప్పాడు. బొంబాయిలో విమానం దిగాక బండ్లు మారి నిజామాబాద్ వచ్చి, అక్కడ మెట్‌పల్లి బస్సెక్కాడట. ఊరికి ముందు స్టేజీలోనే దిగిపోయాడు. పొద్దు ఇంకా ఉంది. చీకటి పడేదాకా చెరువు కట్ట మీద చింతచెట్టు కింద కూర్చున్నాడు. ఏజెంటుకు కట్టడానికి తెచ్చిన అప్పు సగం కూడా తీరలేదు. గల్ఫ్ నుంచి వచ్చేవాడంటే పెద్ద సూట్‌కేసు, టేప్ రికార్డర్, అత్తరు సీసాలు. ఆయన చేతిలో ఒక ప్లాస్టిక్ సంచి ఉంది. పొలాల వెంబడి నడుచుకుంటూ వెనక తలుపు నుంచి ఇంట్లోకి పోయాడట. మా నాయినమ్మ అన్నం పెట్టింది, ఏడ్చింది, ఏమీ అడగలేదు. తెల్లారి బావి కాడ మొదట కలిసినాయన అడిగింది "ఏం తెచ్చినవ్" అని. మంచిగున్నవా అని కూడా అడగలేదు అన్నాడు కాక. అన్నాళ్లూ ఆయన ఎందుకు నోరు విప్పలేదో నాకు అప్పుడు తెలిసింది.

టీవీ ఆపేశాక పిల్లవాడు పడుకోవడానికి పోయాడు. కాక మాత్రం కూర్చునే ఉన్నాడు.

"ఆ మాట్లాడని పిలగాడు, వాని పేరేంది?"

గిబ్సన్ అని చెప్పాను. మళ్లీ నేనే అన్నాను, అది వాడి పేరు కాదు కాకా, చచ్చిపోయిన సైనికుడి మెడలో బిళ్ల మీద ఉన్న పేరు. వాడి అసలు పేరు సినిమాలో చెప్పరు.

కాక తల ఊపాడు. అప్పుడు కంబలి సంగతి మిగతాది చెప్పాడు. ఎడారి డేరాల్లో పక్కన ఒకాయన జ్వరంతో లేవలేక పడివున్నాడు. రోగం ఉన్నవాళ్లను ముందు పంపిస్తున్నారని తెలిసి, కాక, కోరుట్ల దిక్కు ఆయన ఇంకొకరు, కంబలిలో ఆయనను వేసుకుని ఆ కొసా ఈ కొసా పట్టుకుని లైను దాటి బస్సు దాకా మోసుకుపోయారు. దారి ఇచ్చారు. బస్సు దగ్గర పాస్‌పోర్టులు చూశారు. అది మనవాళ్ల కోసం పెట్టిన బస్సు, ఆయన బంగ్లాదేశ్ మనిషి. మీరిద్దరు ఎక్కండి, ఈయనకు వేరే బస్సు వస్తది అన్నారు.

"ఎక్కినం" అన్నాడు కాక. "కంబలి ఆయన మీదనే కప్పినం. నాది అదొక్కటే ఉండె, గది గూడ ఆడనే ఇడిచిపెట్టిన. పేరు అడుగలే."

రాత్రి పన్నెండు దాటింది. పొద్దున్నే డాక్టర్ దగ్గరికి పోవాలి. మోకాళ్లకు నూనె రాస్తానంటే వద్దన్నాడు.